పాత బొమ్మల పుస్తకానికి కొత్త బేరం

* అటక మీది కట్ట తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి
* వయసును బట్టి ధర రాదంటున్న పాత కామిక్స్ బజారు
* మన చందమామలకే లెక్కాపత్రం లేదు

బ్రూక్‌ఫీల్డ్: పేజీలు పసుపెక్కాయి. పిన్నులు తుప్పు పట్టాయి. అట్ట మీద ధర ఇంకా పైసల్లోనే ఉంది. ఓ మూలన ఎవరో పిల్లాడు సిరా పెన్నుతో పేరు, తరగతి, సెక్షను రాసుకున్నాడు. ఇంట్లో అయితే ఇలాంటి పుస్తకం పాత పేపర్ల కట్టలో కలిసిపోయేదే. ఇక్కడ మాత్రం పారదర్శక కవరులో, వెనక గట్టి అట్ట ఆసరాతో బల్ల మీద నిటారుగా నిలబడి ఉంటుంది. చీటీ మీది ధర చూసి ఒకాయన ముక్కున వేలేసుకుంటాడు. ఆయన వెనకాలే వచ్చిన ఇంకొకాయన మారు మాట్లాడకుండా ఫోను తీసి డబ్బు పంపించేస్తాడు.

పాత కామిక్స్ అమ్మే బల్ల ఏ కామిక్ కాన్‌లో పడినా కనిపించే దృశ్యమే ఇది. ఆ ఇద్దరిలో ఎవరూ అమాయకులు కారు. మొదటాయన చూసింది కాగితాన్ని. రెండో ఆయన చూసింది నంబరును. పాత కామిక్స్ వ్యాపారమంతా ఈ రెండు చూపుల మధ్యనే నడుస్తుంది.

బెంగళూరు కామిక్ కాన్ చాలా ఏళ్లుగా జరుగుతున్నది మన బ్రూక్‌ఫీల్డ్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే. ఈపీఐపీ పారిశ్రామికవాడలోని కేటీపీవో ప్రాంగణం దానికి వేదిక. కుందలహళ్లి గేటు నుంచి ఏఈసీఎస్ లేఅవుట్ దాకా ఏ వీధిలోకి వెళ్లినా తెలుగు మాట వినిపిస్తుంది. ఆంధ్రా మెస్సులు, పీజీ హాస్టళ్ల బోర్డుల సంగతి చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైను మెట్రో పూర్తిగా నడుస్తుండడంతో మెజెస్టిక్ వైపు వాళ్లు కూడా నల్లూరహళ్లి, శ్రీ సత్యసాయి ఆసుపత్రి స్టేషన్ల దగ్గర దిగి వచ్చేస్తున్నారు. ఇంత చేరువలో జరిగే జాతరలో మన బొమ్మల పుస్తకాల వాటా ఎంత అని అడిగితే మాత్రం జవాబు చెప్పడం కష్టం.

కోరమంగళలో మొదలు

ఈ జాతర మన దేశంలో పుట్టింది ఢిల్లీలో. 2011 ఫిబ్రవరిలో దిల్లీ హాట్‌లో జతిన్ వర్మ బృందం తొలి కామిక్ కాన్ పెట్టింది. 2012 సెప్టెంబరులో అది బెంగళూరుకు వచ్చింది. అప్పటి వేదిక కోరమంగళ ఇండోర్ స్టేడియం. తర్వాత వైట్‌ఫీల్డ్ వైపు మారింది. 2013లో హైదరాబాదుకూ వెళ్లింది. 2024లో ఈ సంస్థ మొత్తం నాడ్విన్ గేమింగ్ చేతికి పోయింది. ఆ పేరు వింటేనే గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది.

లోపలికి అడుగు పెడితే ముందుగా ఎదురయ్యేది వేషాలు. స్పైడర్‌మాన్‌లు, జపాను బొమ్మల సినిమాల పాత్రలు, మధ్యలో ఓ శక్తిమాన్. ఆ తర్వాత టీషర్టులు, కప్పులు, బొమ్మలు, కంప్యూటర్ ఆటల తెరలు. వాటి నడుమ కొత్త పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు, సొంతంగా గీసి అచ్చేసుకునే కుర్రాళ్లు. పాత కామిక్స్ పెట్టే బల్ల ఉంటే ఒకటి, మహా అయితే రెండు. జాతర పేరులో కామిక్ ఉన్నా, పాత కామిక్‌కు దక్కేది మూలనున్న చోటే.

అమెరికాలో దీనికి తల్లి లాంటి శాన్ డియేగో జాతర కథ మొదట్లో వేరు. 1970 ఆగస్టులో ఓ హోటల్లో దాదాపు 300 మందితో మొదలైన ఆ సంబరంలో పాత పుస్తకాల అమ్మకందార్ల గదే ప్రధాన ఆకర్షణ. ఇప్పుడక్కడికి లక్షకు పైగా జనం వస్తారు. అయినా డెన్వర్‌కు చెందిన మైల్ హై కామిక్స్ అనే పేరున్న దుకాణం 44 ఏళ్లు వరసగా బల్ల వేసి, 2017లో ఇక రామని ప్రకటించింది. ఖర్చులు పెరిగాయి, జనం సినిమా హంగామా వైపు మళ్లి అమ్మకందార్ల దాకా రావడం తగ్గింది అన్నది వాళ్ల గోడు. జనం పెరిగితే బేరం పెరుగుతుందనుకోవడం పొరపాటన్నమాట.

మొదటి పది నంబర్లు కన్నడంలో

పాత బొమ్మల పుస్తకాల విషయంలో బెంగళూరుకు ఓ హక్కు ఉంది. చాలామందికి తెలియని సంగతి ఇది. మనమంతా చదివిన అమర్ చిత్ర కథ ముందు ఇంగ్లిషులో రాలేదు. ఇండియా బుక్ హౌస్ బెంగళూరు శాఖను చూసుకునే జి.కె. అనంతరామ్ 1965 ప్రాంతంలో కన్నడంలో బొమ్మల కథలు వేయించారు. అవి మన పురాణాలు కావు, పాశ్చాత్య జానపద కథలు. పది పుస్తకాలు వచ్చాయి. ఆ తర్వాత అనంత్ పాయ్ ఆధ్వర్యంలో ఇంగ్లిషులో పురాణ కథలు మొదలయ్యాయి. రామ్ వాయిర్కర్ బొమ్మలతో వచ్చిన 'కృష్ణ' మీద 11వ నంబరు పడింది. ఇంగ్లిషు వరసలో ఒకటి నుంచి పది ఏవని వెతికి వెతికి అలసిపోయిన వాళ్లు ఉన్నారు. వెతకాల్సింది కన్నడంలో!

అనంత్ పాయ్ కూడా పుట్టుకతో ఈ రాష్ట్రం వారే. ఊరు కార్కళ. టింకిల్ పత్రికను 1980లో ఆయనే ప్రారంభించారు. 2011లో ఢిల్లీలో జరిగిన ఆ తొలి కామిక్ కాన్‌లోనే ఆయనకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2004లో గోథం కామిక్స్ 'స్పైడర్‌మాన్ ఇండియా' తెచ్చింది. పీటర్ పార్కర్ బదులు పవిత్ర్ ప్రభాకర్, ప్యాంటు బదులు ధోవతి. దానికి బొమ్మలు గీసిన జీవన్ కాంగ్ బెంగళూరు చిత్రకారుడే. అప్పట్లో అదో వింతగా వచ్చి వెళ్లిపోయింది. 2023లో స్పైడర్‌మాన్ యానిమేషన్ సినిమాలో ఆ పవిత్ర్ తెర మీదికి వచ్చేసరికి, ఇళ్లలో మూలన పడి ఉన్న ఆ సంచికలను జనం దులిపి మరీ వెతికారు. ఇరవై ఏళ్ల నాటి పుస్తకాన్ని పాతది అనవచ్చా అని పెద్దవాళ్లు నవ్వొచ్చు. బజారుకు ఆ పట్టింపు లేదు, అడిగేవాడుంటే చాలు.

వయసు కాదు, ముద్రణ

పాత కామిక్స్ గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ ఒకటే. ఎంత పాతదైతే అంత ధర అని. 2024 ఏప్రిల్‌లో సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో దాదాపు 50 కోట్ల రూపాయలు. అచ్చయిన నాడు దాని ధర పది సెంట్లు. ఈ వార్త చదివిన వాళ్లంతా ఇంట్లో ఉన్న ఫాంటమ్ పుస్తకాలను బయటికి తీశారు. తప్పులేదు. కానీ ఆ 50 కోట్ల వెనక మూడు సంగతులున్నాయి. అది తొలి ముద్రణ. ఎనభై అయిదేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరని స్థితి. అలాంటి ప్రతులు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా ధర మెట్లు దిగిపోతుంది.

మన దగ్గర ముద్రణ గుర్తుపట్టడమే అసలు విద్య. అమర్ చిత్ర కథ 'కృష్ణ'నే తీసుకుందాం. అది ఎన్నిసార్లు అచ్చయిందో చెప్పడం గగనం. తర్వాతి కాలంలో పాత పుస్తకాలకే 501 నుంచి కొత్త నంబర్లు వేసి మళ్లీ అచ్చేశారు. 501 నంబరు 'కృష్ణ' చేతిలో పట్టుకుని ఇదే మొదటిదని వాదించే వాళ్లు తరచూ తగులుతుంటారు. అట్ట మీది బొమ్మ అదే, కథ అదే. తేడా ఎక్కడుందంటే నంబరులో, అట్ట మీది ధరలో, వెనక అట్ట లోపలి ప్రకటనల్లో, ప్రచురణకర్త చిరునామాలో. వెనకపేజీ జాబితాలో ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చిన పుస్తకాల పేర్లుంటే ఇక చెప్పేదేముంది, అది పునర్ముద్రణే.

ఇంద్రజాల్ కామిక్స్ విషయంలో ఈ బాధ తక్కువ. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టి 1990లో ఆపేసింది. మొత్తం 803 సంచికలు. ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, 1976 నుంచి మన బహదూర్. పత్రికలా వచ్చి పత్రికలా పోయింది కాబట్టి సేకరించేవాడి చేతిలో జాబితా స్పష్టంగా ఉంటుంది. 803లో ఎన్ని దొరికాయి, ఎన్ని మిగిలాయి అన్నదే ధ్యాస. ఫాంటమ్ ఉండే దేశానికి అసలు కథలో ఉన్న బెంగాలీ అనే పేరు ఇక్కడ గొడవ తెస్తుందని డెంకాలీగా మార్చారు. అలాంటి చిన్న మార్పులు గుర్తుపెట్టుకుని మరీ సేకరించే వాళ్లున్నారు.

మోసం సంగతి కూడా మాట్లాడాలి. 1974లో అమెరికాలో డీసీ సంస్థ ఆ సూపర్‌మాన్ తొలి సంచికను పెద్ద సైజులో మళ్లీ అచ్చేసింది. పైన వేరే అట్ట, లోపల పాత అట్ట యథాతథంగా. పై అట్ట చింపేసి, లోపలిదే అసలు ప్రతి అని అమ్మిన ఘనులు బయల్దేరారు. సైజు తెలిసినవాడు బతికిపోయాడు, తెలియనివాడు మునిగాడు. ఇప్పుడు రంగుల జెరాక్సులు, కంప్యూటర్‌లో శుభ్రం చేసిన అట్టలు వచ్చాక పని ఇంకా తేలికైంది. ఉన్న అట్ట చినిగితే వేరే ప్రతి అట్ట తెచ్చి అతికించడం ఇక్కడా ఉంది. అది తప్పు కాదు, చెప్పి అమ్మితే. చెప్పకపోతేనే తప్పు. కామిక్ కాన్ ఏడాదికి ఒక్కసారే కావచ్చు గానీ సేకరించేవాళ్లంతా ఒకరికొకరు తెలుసు. ఒక్క అతుకు దాచిన అమ్మకందారు పేరు మరుసటి ఏటికి అందరి నోళ్లలో ఉంటుంది.

ధర ఎవరు కట్టాలి?

అమెరికాలో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన 1970లో ఓ ధరల పుస్తకం వేశాడు. ఏ సంచిక ఏ స్థితిలో ఉంటే ఎంత అన్నది అందులో ఉంటుంది. అప్పటి నుంచి కొనేవాడికీ అమ్మేవాడికీ మాట్లాడుకోడానికి ఓ ఆధారం దొరికింది. 2000లో సీజీసీ అనే సంస్థ వచ్చింది. పుస్తకాన్ని పరిశీలించి, అరమార్కు నుంచి పది దాకా మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తుంది. ఆ పెట్టె తెరిస్తే మార్కు పోతుంది. చదవడానికి వీల్లేని పుస్తకం పుస్తకమేనా అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే.

మన పుస్తకాలకు అందరూ ఒప్పుకునే అలాంటి ధరల పట్టీ లేదు. పోయిన వారం ఇంకొకరు ఎంతకు అమ్మారో అదే ధర. మాట చాతుర్యం ఉన్నవాడిది పైచేయి. ఇది అమ్మేవాడికి లాభమని పైకి అనిపిస్తుంది. నిజానికి ఎక్కువసార్లు నష్టమే. ధర నిలకడగా లేని సరుకు మీద పెద్ద మొత్తం పెట్టి కొనడానికి ఎవరూ సాహసించరు. అందుకే అరుదైన పుస్తకం చేతికొచ్చినా అమ్మకందారు దాన్ని బల్ల మీద పెట్టకుండా, అడిగిన నలుగురికి ఫోను చేసి గుట్టుగా అమ్ముకుంటాడు. జాతరలో చూడ్డానికి వచ్చిన వాళ్లకు అది కనిపించనే కనిపించదు.

ఆరు నిమిషాలకో పుస్తకం

బల్ల వేయడం బయటి నుంచి చూస్తే సరదా. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఉదాహరణకు, తేలిగ్గా ఉండేందుకు గుండు అంకెలే తీసుకుందాం. చోటు అద్దె, సరుకు తెచ్చే వ్యాను, తోడు నిలబడే కుర్రాడి కూలి, భోజనాలు కలిపి రెండు రోజులకు 30 వేల రూపాయలు అయ్యిందనుకోండి. ఒక్కో పుస్తకం మీద సగటున 150 రూపాయలు మిగులుతుందనుకోండి. ఖర్చు రాబట్టడానికే 200 పుస్తకాలు అమ్మాలి. రోజుకు పది గంటల చొప్పున రెండు రోజులకు 20 గంటలు. గంటకు పది. అంటే ఆరు నిమిషాలకో పుస్తకం పోవాలి. లాభం మాట ఆ తర్వాత.

ఆ ఆరు నిమిషాల్లో బల్ల దగ్గరికి ఎవరొస్తారు? ముందుగా వచ్చేవాడు జ్ఞాపకాల మనిషి. "ఇవి మా ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉండేవండీ, అమ్మ పారేసింది" అంటాడు. ఫాంటమ్ ఉంగరం గురించి, వేసవి సెలవుల గురించి, అద్దె లైబ్రరీలో రోజుకు పావలా కట్టి చదివిన వైనం గురించి చెబుతాడు. చెప్పి, ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. కొనడు. అతణ్ని కసురుకోలేం. వెనక నిలబడి ఆ కబుర్లు వింటున్న అయిదేళ్ల కూతురు ఓ టింకిల్ లాక్కుంటే చెప్పలేం కదా!

రెండోవాడు నంబర్ల మనిషి. ఫోనులో జాబితా ఉంటుంది. పలకరింపు ఉండదు. డబ్బాలో వేళ్లు ఆడిస్తూ పోతాడు. లేనిది దొరికితే ముఖంలో కనిపించకుండా జాగ్రత్త పడతాడు, కనిపిస్తే ధర పెరుగుతుందని భయం. అమ్మకందారుకు అన్నం పెట్టేది ఇతనే. ఇలాంటి వాళ్లు రోజుకు ఓ పదిమంది వస్తే అదృష్టం.

మూడోవాడు అమ్మడానికి వచ్చేవాడు. సంచిలో ఇరవయ్యో ముప్ఫయ్యో పుస్తకాలు. తను అడిగేది కంప్యూటర్‌లో చూసిన ధర. అమ్మకందారు ఇవ్వజూపేది అందులో సగం కంటే తక్కువ. ఇక్కడే మాటా మాటా వస్తుంది. దగా అనిపిస్తుంది. అయితే ఆ ముప్ఫైలో వెంటనే పోయేవి నాలుగో అయిదో. మిగతావి డబ్బాల్లో మూడేళ్లో నాలుగేళ్లో కూర్చుంటాయి. ఆ కాలానికి చోటుకూ చెదల మందుకూ ఖర్చు పెట్టేది కొన్నవాడే. తెలిసిన అమ్మకందారైతే ఆ నాలుగూ విడదీసి చూపిస్తాడు. వీటికింత, మిగతావాటికింత అని విడిగా చెబుతాడు. మొత్తానికి కలిపి ఒకే ధర చెప్పి సంచి లాక్కునేవాడి దగ్గర ఆగకుండా పక్కకు తప్పుకోవడం మేలు.

సరుకు సర్దడంలోనూ ఓ పద్ధతి ఉంది. ఖరీదైనవి వెనక, ఎత్తున, కళ్లకు ఆనేలా. ముందు మాత్రం ఏది తీసినా ఒకే ధర డబ్బా. చెయ్యి అక్కడ ఆగుతుంది, ఆగిన మనిషి తలెత్తి వెనక చూస్తాడు. ఇదివరకు చిల్లరే పెద్ద తలనొప్పి. యూపీఐ వచ్చాక ఆ బెడద పోయింది. హాలు నిండా జనముండి సిగ్నలు అందనప్పుడు మాత్రం మళ్లీ పాత రోజులే.

చందమామ ఏదండీ?

బల్ల దగ్గర తెలుగువాళ్లు ఆగితే అడిగే ప్రశ్న ఒకటే. "చందమామలున్నాయా?" చాలాసార్లు ఉండవు. ఉంటే ఇంగ్లిషువి ఉంటాయి, లేదా ఇక్కడి కన్నడ చందమామలు. తెలుగువి వచ్చినా విడి సంచికలు, అదీ 1980ల తర్వాతివి.

చందమామ కామిక్ కాదు, కథల పత్రిక అని సూటిగా చెప్పేవాళ్లు ఉన్నారు. మాట నిజమే. బొమ్మ లోపల మాట రాసే పద్ధతి దానిది కాదు. కానీ సేకరించేవాళ్లు వెతికేది అందులోని బొమ్మల కోసమే. 1947 జులైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి తెలుగు, తమిళం రెంటిలో ఒకేసారి మొదలుపెట్టారు. 1949లో కన్నడం వచ్చింది. వడ్డాది పాపయ్య అట్టలు, చిత్రా రేఖలు, భుజాన బేతాళుణ్ని వేసుకుని కత్తి దూసి నడిచే శంకర్ విక్రమార్కుడు ఒకసారి చూసినవాడు మరిచిపోడు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా దానికి ప్రాణం పోశారు. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ కంపెనీ కొనుక్కుంది. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. కొత్తది రాదు కాబట్టి పాతదే మిగిలింది.

మరి అవన్నీ ఏమైనట్టు? కొన్ని బైండు పుస్తకాల్లో ఉన్నాయి. మన ఇళ్లలో పత్రికను దాచుకునే తీరు వేరు. పన్నెండు నెలల సంచికలు పోగుచేసి, అంచులు కోయించి, కాలికో అట్ట వేయించి, మీద సంవత్సరం రాసి బీరువాలో పెట్టేవారు. ఆ బైండులో చాలాసార్లు అట్టలు, ప్రకటన పేజీలు తీసేసేవారు, బరువెందుకని. సేకరించేవాడు లెక్కించేది ఆ అట్టనే! అంచు కోసిన పుస్తకానికి విడి సంచిక ధర రాదు. అయితే ఆ బైండు కట్టించకపోతే ఆ కథలు ఈనాటిదాకా మిగిలేవే కావు. ధర తగ్గించిందీ, పుస్తకాన్ని కాపాడిందీ ఆ దారమే.

అసలు తెలుగు కామిక్ సంగతి ఇంకా అన్యాయం. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి మన వారపత్రికల్లో 'డుంబు' గీశారు. ఆయన 'పంచతంత్రం' ఇంగ్లిషు వారపత్రిక ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో దేశమంతా చదివింది. కానీ అవి వారపత్రిక పేజీల్లో వచ్చినవి. వారపత్రికను ఎవరు దాచుకుంటారు? చదివాక పప్పులు కట్టడానికీ, అలమరలో పరవడానికీ పోయాయి. ఇష్టమున్న వాళ్లు ఆ పేజీ మటుకు చింపి కుట్టుకున్నారు. తేదీ లేని ఆ కుట్టుపుస్తకాలే ఇప్పుడు దొరికితే దొరకాలి. వాటికి ధర ఎంతని ఏ అమ్మకందారూ చెప్పలేడు, ఇంతకు ముందు ఎవరూ అమ్మి ఉండరు గనక.

ఈ పుస్తకాలు ఎక్కువగా బయటపడేది ఇల్లు ఖాళీ చేసేటప్పుడు. ఊళ్లో పాత ఇల్లు అమ్మేసి అమ్మానాన్నలను బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటుకు తెచ్చుకునే కుటుంబాలు ఎన్నో. ఇరవై నాలుగు గంటల్లో లారీ ఎక్కించాలి. ఫ్లాటులో అటక లేదు. ట్రంకుపెట్టె ఎత్తుకెళ్లేవాడు తూకం రాయి పట్టుకుని గుమ్మంలోనే ఉంటాడు. 1977లో అమెరికాలోని కొలరాడోలో ఓ వృద్ధుడి ఇల్లు ఖాళీ చేస్తూ ఆ కుటుంబం మైల్ హై కామిక్స్ అధిపతికి కబురు పెట్టింది. ఎడ్గార్ చర్చ్ అనే ఆ వృద్ధుడు దశాబ్దాల పాటు దాచిన దాదాపు 20 వేల కామిక్స్ అలా బయటపడ్డాయి. కొత్త నోట్లలా తళతళలాడుతున్నాయి. ఇవాళ్టికీ ఆ సేకరణలోని ప్రతి అని చెబితే ధర రెట్టింపవుతుంది. అక్కడ కబురు పెట్టడానికి ఓ మనిషి ఉన్నాడు. తెలుగు పుస్తకాల విషయంలో ఎవరికి కబురు పెట్టాలో చాలా ఇళ్లకు తెలియదు. ఆ లోపలే లారీ కదిలిపోతుంది.

కట్ట విప్పితే ఏం చూడాలి

మొదట సంవత్సరం, నంబరు. కాగితం మీద రాసుకుని అట్టల ఫొటోలు తీస్తే చాలు, పుస్తకాలు మోసుకెళ్లకుండానే బేరం మాట్లాడవచ్చు. తుప్పు పట్టిన పిన్ను కదిలించకూడదు, మధ్య పేజీ చినిగి చేతిలోకి వస్తుంది. సెల్లో టేపు అసలే వద్దు. పది పన్నెండేళ్లకు ఆ జిగురు గోధుమ రంగు మరకై బొమ్మలోకి దిగిపోతుంది, దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. పిల్లలు రాసుకున్న పేర్లను రబ్బరుతో రుద్దితే అచ్చు కూడా లేచిపోతుంది, వదిలేయాలి. విశాఖ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన పుస్తకాలకు ఉప్పు గాలి తేమ పట్టి ఉంటుంది. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పురుగు లేదని చూసుకున్నాకే మిగతావాటితో కలపాలి. ఎండలో పెడితే రంగు పోతుంది. బెంగళూరు గాలి పాత కాగితానికి కాస్త నయమే గానీ ఇక్కడి వానాకాలంలో గోడవారగా పెట్టిన పెట్టెకు చెమ్మ తప్పదు.

అమ్మడమా, ఉంచుకోవడమా అన్నది ఇంటివారి ఇష్టం. అమ్మదలిస్తే ఇద్దరు ముగ్గురిని అడగాలి. జాతర దాకా ఆగక్కర్లేదు. చర్చి స్ట్రీట్‌లో 2001లో మొదలైన బ్లాసమ్, దాని పొరుగున బుక్‌వర్మ్, 1945 నాటి సెలెక్ట్ బుక్ షాప్ పాత పుస్తకాలు ఎరిగిన దుకాణాలు. అవెన్యూ రోడ్డులోనూ పాత పుస్తకాలు దొరుకుతాయి. ఎవరు దేనికి ఎంత ఇస్తారన్నది పుస్తకాన్నీ రోజునూ బట్టి ఉంటుంది.

కొనదలచిన వాళ్లకు మాత్రం తెలుగు సరుకు దొరికేది సరిహద్దు అవతలే. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల అంగళ్లు. పండక్కి ఊరెళ్లే వాళ్లు జాబితా ఫోనులో వేసుకుని వెళ్తే మంచిది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆ కట్టను బస్సు డిక్కీలో వేయకండి. వానొస్తే నీళ్లు ముందుగా దిగేది అక్కడికే.